ముద్ర పడిన కాపీ

ఈశ్వరయ్య గారు దేశం దాటి కూతురి దగ్గరికి పార్సిప్పనీకి వచ్చిన మూడో రోజు నుంచే మా అపార్ట్‌మెంట్ల మెయిల్‌బాక్సుల దగ్గర నిలబడటం మొదలుపెట్టారు. పదకొండున్నరకు తెల్లబండి వస్తుంది. నీలం చొక్కా మనిషి దిగి, డబ్బాల తలుపులన్నీ ఒకేసారి తెరిచి, ఉత్తరాలు పంచుతాడు. ఈయన చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో అయ్యవారిలా ఆ పంపకం చూస్తూ ఉండేవారు. నేనూ ఆ టైముకే దిగేవాణ్ని. అది 2009 ఏప్రిల్. జనవరిలో నా ప్రాజెక్టు పోయింది. ఎడిసన్‌లోని మా కన్సల్టెన్సీ వాళ్ళు "ఇంకో రెండు వారాలు" అంటూ మూడు నెలలు లాగారు. నాకు వచ్చే ఉత్తరాలేమీ లేవు. గదిలో కూర్చోలేక దిగడమే.

మొదటి మాట ఆయనే కలిపారు.

"ఇన్ని ఉత్తరాలు ఇస్తున్నడు గదా, రిజిస్టర్‌ల ఎక్కిచ్చేది ఎవరు?"

"ఎవరూ ఎక్కించరంకుల్. డబ్బాలో వేసి పోతాడు."

"మరి నాకు ముట్టలేదు అంటే?"

"ముట్టలేదంతే."

ఆయన డబ్బాలకేసి జాలిగా చూశారు. "మరి దేశం ఎట్ల నడుస్తున్నదయా ఇది?"

నల్లగొండ కలెక్టరాఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. అందులో ఇరవై రెండేళ్ళు తపాల్ సెక్షన్‌లోనే. జిల్లా నలుమూలల నుంచి వచ్చే అర్జీలన్నీ మొదట ఆయన బల్ల మీద పడేవి. ముద్ర, తేదీ, నంబరు, పొట్టి సంతకం. తర్వాత ఏ సెక్షన్‌కు పోవాలో ఆ సెక్షన్‌కు. ఇష్టం లేని వాళ్ళను తపాల్‌లో పడేస్తారట. ఈయన మాత్రం అడిగి మరీ అక్కడే ఉండిపోయారు.

ఆయనకొక నియమం ఉండేది. తప్పు అడ్రసుతో వచ్చిన కాగితాన్ని వెనక్కి ఇవ్వకూడదు. పాపయ్య అనే ముసలాయన ఒకసారి పింఛను అర్జీని పోస్టుమాస్టరు పేరు మీద రాయించుకొచ్చాడట. పింఛను మనియార్డరులో వస్తుంది కాబట్టి ఇచ్చేది పోస్టుమాస్టరే అని అతని లెక్క. పక్క బల్లల వాళ్ళు పడీపడీ నవ్వారు. ఈశ్వరయ్య గారు నవ్వలేదు. ముద్ర వేసి, అర్జీ కాపీ మీద సంతకం పెట్టి పాపయ్య చేతికిచ్చి, అసలు కాగితానికి కవరింగ్ లెటర్ జతచేసి తాసిల్దారుకు పంపారు. ఆర్నెల్లకు పింఛను వచ్చింది.

"కాయితానికి కాళ్ళుంటయి బిడ్డా. ఏ టేబుల్ మీద పడాల్నో ఆ టేబుల్ దాకా అదే నడిచిపోతది. నడిపిచ్చెటోడు ఒక్కడుండాలె. తప్పు అడ్రసు అని వాపస్ ఇచ్చెటోడు క్లర్కే కాదు," అనేవారు.

నాకు అప్పట్లో ఎవరి మాటలూ నచ్చేవి కావు. ఆయన మాటలు నచ్చేవి. ఎందుకో ఇప్పుడైతే తెలుసు. తన పని గురించి సిగ్గుపడకుండా మాట్లాడే మనిషి ఆ అపార్ట్‌మెంట్లలో ఆయన ఒక్కరే.

మే నెల చివర లాంగ్ వీకెండ్‌కి కూతురు రాగిణి, అల్లుడు అవినాష్ ఆ దంపతులను ఉత్తరాన పక్క రాష్ట్రంలో ఉన్న ఒక పార్కుకు తీసుకెళ్ళారు. రాష్ట్ర ప్రభుత్వం నడిపే పార్కు. సరస్సు దగ్గరికి దిగడానికి రాతిమెట్లు ఉన్నాయి. ఆ మెట్ల మీద ఈశ్వరయ్య గారి భార్య అనంతలక్ష్మి గారు పడిపోయారు. కుడి మోచెయ్యి, మణికట్టు రెండూ విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. ఎముకలైతే అతికాయి గానీ వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి.

ఆవిడ అన్నం ఎడమచేత్తో స్పూను పట్టుకుని తినేవారు. ఎవరైనా వస్తే తినడం ఆపేసేవారు. "తర్వాత తింటాలే బాబూ, నాకు ఆకల్లేదు," అని ప్లేటు మీద మూత పెట్టేసేవారు. ఎడమచేత్తో తింటూ పరాయివాళ్ళ కంటబడటం ఆవిడకు చెయ్యి విరగడం కంటే ఎక్కువ బాధ.

చూడటానికి వచ్చినవాళ్ళు ఊరికే పోరు కదా. "చీరతో ట్రెయిల్ ఏంటి ఆంటీ!" అన్నవాళ్ళున్నారు. అవినాష్ అయితే వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. "షూస్ కొన్నామండీ అత్తయ్యగారికి. బాక్స్ ఓపెన్ కూడా చెయ్యలేదు." రాగిణి నవ్వుతూనే అనేది, "అమ్మ ఎప్పుడూ అంతే. దిక్కులు చూసుకుంటూ నడుస్తది."

మొదటి వారం అనంతలక్ష్మి గారు ఒక్కటే మాట చెప్పేవారు. "మెట్టు కదిలిందమ్మా. నేను చూసుకునే అడుగేశాను." రెండో వారం ఆ మాట మెల్లగా చెప్పారు. మూడో వారం ఎవరో అడిగితే, "నాదే పొరపాటులెండి, వయసైపోయింది కదా," అనేశారు.

ఆ మర్నాడు మెయిల్‌బాక్సుల దగ్గర ఈశ్వరయ్య గారు బండి వైపు చూడలేదు. నా వైపు తిరిగి అన్నారు.

"నిన్న మా ఇంటామె అబద్ధం ఆడిందయా. నలభై ఏండ్ల కాపురంల నేను విన్న మొదటి అబద్ధం. మెట్టుదే తప్పని ఎవరన్న పెద్దమనిషి కాయితం మీద రాయాలె. సంతకం పెట్టాలె. అది పట్టుకొచ్చి ఈ ఇంట్ల అందరికి చదివి వినిపిస్త."

డబ్బు గురించి ఆయన ఆ రోజే కాదు, తర్వాత కూడా పెద్దగా మాట్లాడలేదు. నష్టపరిహారం ఎంత కోరుతున్నారో చెప్పాల్సిన చోట "తమరు తగునని తలచినంత" అని రాశారు. వద్దని నేను మొత్తుకున్నా వినలేదు.

రాగిణి ఇద్దరు లాయర్లకు ఫోన్ చేసింది. మెట్టు మీద పడిన కేసు, పక్క రాష్ట్రం, పైగా ప్రభుత్వం మీద అనేసరికి ఇద్దరూ మర్యాదగా తప్పుకున్నారు. "వదిలెయ్ నాన్నా, ఇన్సూరెన్స్ ఎంతో కొంత ఇచ్చింది కదా," అందామె. ఆయన మెట్లు దిగి మా గదికి వచ్చారు. అప్పటికి నా పగళ్ళన్నీ టౌన్ లైబ్రరీలోనే గడుస్తున్నాయి. చదువు చెప్పినవాళ్ళెవరూ చెప్పని పుస్తకాలు చదవడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. ఉద్యోగం పోయాక అది ముదిరింది. "చూస్తానంకుల్," అన్నాను.

చూస్తే విషయం ఇది. ప్రభుత్వం మీద మామూలు కోర్టులో దావా పడదు. తన మీద దావా వేయడానికి తనే ఒప్పుకుంటేనే వేయాలి. ఆ రాష్ట్రం ఒప్పుకుంది. ఒప్పుకుంటూ దానికోసం వేరే కోర్టు పెట్టింది. జ్యూరీ ఉండదు. జడ్జి ఒక్కడే వింటాడు, ఒక్కడే తేలుస్తాడు. గాయమైన తొంభై రోజుల్లోగా దావా వేయాలి, లేదా వేయబోతున్నామని నోటీసన్నా ఇవ్వాలి. నోటీసు ఇచ్చుకుంటే రెండేళ్ళ వ్యవధి దొరుకుతుంది. ఇంతవరకు చదివి ఉత్సాహంగా వచ్చి చెప్పాను. అక్కడ ఆపకుండా ఇంకో పేజీ ఆ రోజే చదివి ఉంటే బాగుండేది.

"తొంభై రోజులు అంటే ఆగస్టు ఇరవై రెండు," అన్నారాయన వేళ్ళ మీద లెక్కవేసి. "నోటీసు అంటే అర్జీయే గదా. రాసుడు నాకు విడిచిపెట్టు."

రెండు రోజులు రాశారు. ఆయన చెబుతుంటే నేను లాప్‌టాప్‌లో టైపు చేశాను. అచ్చమైన కలెక్టరాఫీసు ఇంగ్లిషు. 'సవినయంగా మనవి చేయునది' అనే ధోరణిలో మొదలై, తొమ్మిది పేరాలు, ప్రతి పేరాకు నంబరు, చివర మెట్టు బొమ్మ. బొమ్మ కోసం అక్కడికే వెళదామన్నారు. నా పాత కారులో రెండున్నర గంటలు ఉత్తరానికి డ్రైవ్ చేశాం. పైనుంచి పదకొండో మెట్టు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో నొక్కితే పలక ఒక పక్కకు ఒరిగి మళ్ళీ కూర్చుంది. టేపుతో కొలిచారు. మూల విరిగిన చోట ఎంత, పలక కింద సందు ఎంత, అంతా బొమ్మలో రాశారు. లేస్తూ మోకాళ్ళ దుమ్ము దులుపుకోలేదు. "జూసినవా?" అన్నారు నాతో. "ఆమె జూసుకునే నడిచింది."

అక్కడి నుంచి ఇరవై మైళ్ళ దూరంలో ఆ పార్కుల ప్రాంతీయ ఆఫీసు. కౌంటరు వెనక ఒక పెద్దావిడ కళ్ళద్దాలు మెడలో వేలాడేసుకుని కూర్చుంది. ఈశ్వరయ్య గారు అర్జీ ఆవిడకిచ్చి, రెండో కాపీని జాగ్రత్తగా ముందుకు జరిపి, ముద్ర కొట్టినట్టు గాల్లో చెయ్యి ఆడించారు. ఆవిడకు అర్థమైంది. సొరుగులోంచి ముద్ర తీసి కొట్టింది. అందినట్టు, జూన్ 26, 2009. దాని పక్కన పొట్టి సంతకం. ఆ సంతకం చూసి ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నేను మర్చిపోలేను. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట తన భాష మాట్లాడే మనిషి దొరికినట్టు ఆవిడకు నమస్కారం పెట్టారు.

ముద్ర పడిన కాపీని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపల దాచుకున్నారు. దారి పొడవునా తడుముకుంటూనే ఉన్నారు.

మూడు వారాల తర్వాత లైబ్రరీలో ఆ చట్టం మళ్ళీ తీశాను. ఈసారి ఆ తర్వాతి పేజీ చదివాను. నోటీసు ఇవ్వాల్సింది పార్కు ఆఫీసుకు కాదు, రాష్ట్ర అటార్నీ జనరల్‌కు. చేతికి ఇవ్వాలి, లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో రసీదు కార్డు పెట్టి పంపాలి. వేరే ఏ ఆఫీసులో ఇచ్చినా ఇచ్చినట్టు కాదు. అందుకు కొట్టేసిన కేసుల పేర్లు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వరసగా ఉన్నాయి. ఆ పేజీని ఫొటోకాపీ తీసి, ఆ వాక్యం కింద గీత గీశాను. వచ్చే దారిలో, సెలవు రోజైనా తెరిచి ఉండే పోస్టాఫీసు ముందుగదిలో ఆగి, సర్టిఫైడ్ మెయిల్ ఫారమూ ఆకుపచ్చ రసీదు కార్డూ తీసుకుని పుస్తకంలో పెట్టుకున్నాను. జులై పందొమ్మిది, ఆదివారం. గడువు ఇంకా నెల పైనే ఉంది.

పైకి వెళ్ళేసరికి వాళ్ళు భోజనాల దగ్గర ఉన్నారు. అనంతలక్ష్మి గారు నన్ను చూడగానే ప్లేటు మీద మూత పెట్టారు. నేను విషయం చెప్పాను. ఈశ్వరయ్య గారు ఆ కాగితం అందుకోకుండానే నవ్వారు.

"ముద్ర పడ్డదయా. అదే ప్రభుత్వం. కింది ఆఫీసుకు ఇచ్చినా పై ఆఫీసుకు ఇచ్చినా ప్రభుత్వం ఒక్కటే. వాళ్ళే ఫార్వర్డ్ చేస్తరు."

"ఇక్కడ అలా చెయ్యరంకుల్. ఇదిగో, రాసి ఉంది. మళ్ళీ ఒకటి పంపేద్దాం. ఆంటీ సంతకం పెడితే చాలు, పది నిమిషాల పని."

"మళ్ళా పంపితే మొదటిది తప్పని మనమే ఒప్పుకున్నట్టు గాదా? ఒకటే అర్జీ రెండు ఆఫీసులకు పెట్టెటోన్ని మా దగ్గర ఏమంటరో తెలుసా?"

"చట్టంలో క్లియర్‌గా ఉందంకుల్!"

గొంతు పెంచాననుకుంటా. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డారు. "ముప్పై నాలుగేండ్లు తపాల్ జూసినోన్ని. నువ్వు ఆర్నెల్ల సంది ఇంట్ల కూసున్నవు. ముందు నీ ఉద్యోగానికి అర్జీ సక్కగ పెట్టుకో బిడ్డా, తర్వాత నాకు నేర్పుదువు."

అవినాష్ ఫక్కున నవ్వాడు. అతనికి ఉద్యోగం ఉంది. రాగిణి, "నాన్నా!" అంది గానీ ఆమెకూ నవ్వు ఆగలేదు.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని కిందికి వచ్చేశాను.

తర్వాత జరిగిందేమీ లేదు. అదే నేను చేసిన పని. పదకొండున్నరకు కిందికి దిగడం మానేశాను. ఒకటి రెండుసార్లు ఆయన మా తలుపు కొట్టారు. లోపల ఉండి తీయలేదు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం మా రూమ్మేటు వచ్చి, "పైన అంకుల్ అడిగారురా నిన్ను. ఏదో కాయితం చదివిపెట్టాలంట," అన్నాడు. బిజీ అని చెప్పమన్నాను. ఏ కాగితమో అడగలేదు. మనసు మెత్తబడి మళ్ళీ మాట్లాడదామని వచ్చారేమో. నా దగ్గరున్న ఆ ఫొటోకాపీ కోసమే వచ్చారేమో. అర్జీ నా లాప్‌టాప్‌లోనే ఉంది. ఫారం నా పుస్తకంలోనే ఉంది. ఆవిడ సంతకం ఒక్కటే కావాలి. ఆగస్టు ఇరవై రెండు శనివారం వచ్చింది, పోయింది. ఆ రోజు నేను లాండ్రీ చేసుకున్నాను. అంత బాగా గుర్తుంది.

సెప్టెంబరులో ఆయనే మెట్ల దగ్గర ఎదురుపడి, ఏమీ జరగనట్టు, "అసలు దావా వెయ్యాలె గదా, వస్తవా?" అన్నారు. వెళ్ళాను. అప్పటికి నా కోపం చల్లారింది, గడువూ చల్లారింది. అనంతలక్ష్మి గారి పేరు మీద దావా రాసి, ఈసారి కోర్టుకూ అటార్నీ జనరల్‌కూ సరైన పద్ధతిలోనే పంపాం. ఆయన మారు మాట్లాడకుండా నేను చెప్పినట్టు చేశారు. ఆ మౌనం చూస్తే ఆయనకు అప్పటికే అనుమానం ఉందనిపించింది.

నవంబరులో జవాబు వచ్చింది. కవరు ఆయనే డబ్బాలోంచి తీసుకున్నారు. ప్రభుత్వ లాయరు మెట్టు గురించి ఒక్క ముక్క రాయలేదు. తొంభై రోజుల్లోగా అటార్నీ జనరల్‌కు నోటీసు చేరలేదు కాబట్టి ఈ దావా విచారించే అధికారం కోర్టుకు లేదు, కొట్టేయండి, అని అడిగారు. ఈశ్వరయ్య గారు అక్కడే నిలబడి మూడుసార్లు చదివారు.

"గిది నువ్వు ముందుగాల చెప్పినవు గదా."

"చెప్పానంకుల్."

"మళ్ళా ఎందుకు చెప్పలే?"

తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ని. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. కాగితం మడిచి కవరులో పెట్టుకుని, "సరె," అని పైకి వెళ్ళిపోయారు.

డాక్టరు ఉత్తరంతో వాళ్ళ వీసా గడువు పొడిగించుకున్నారు. ఫిబ్రవరిలో వాయిదా. ఆ రాష్ట్ర రాజధానిలో, మంచు కుప్పల మధ్య ఒక రాతి భవనం. రాగిణికీ అవినాష్‌కీ లీవు దొరకలేదు. నేనే డ్రైవ్ చేశాను. కోర్టు హాలు అనుకున్నంత పెద్దది కాదు. పెళ్ళిచూపులకు సర్దిన గదిలా శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. జడ్జి తెల్లజుట్టు మనిషి. ప్రభుత్వం తరఫున నా వయసు అమ్మాయి ఒకామె, ఎదురుపడితే తలుపు పట్టుకుని మాకు దారిచ్చింది. వాళ్ళలో ఒక్కరన్నా చెడ్డవాళ్ళుగా కనిపించి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది.

ఈశ్వరయ్య గారు లేచి, ముద్ర పడిన కాపీ ఎత్తి చూపించి, రాత్రంతా బట్టీపట్టిన ఇంగ్లిషులో మొదలుపెట్టబోయారు. జడ్జి మర్యాదగా ఆపాడు. దావా వేసింది ఆవిడ. ఆవిడ మాట్లాడాలి, లేదా లాయరు మాట్లాడాలి. భర్త మాట్లాడటానికి లేదు. ఆయన కాపీ పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

అనంతలక్ష్మి గారి కోసం ఫోన్‌లో దుబాసీని కలిపారు. ప్రమాణం చేయించడానికి కుడిచెయ్యి ఎత్తమన్నారు. ఆవిడ ఎత్తారు. అది భుజం దాకా రాలేదు. వేళ్ళు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. ఎడమచేత్తో మోచేతిని కింద నుంచి లేపి పట్టుకున్నారు. ప్రభుత్వ లాయరమ్మాయి తల దించుకుని కాగితాలు సర్దుకుంది.

"నోటీసు గురించి మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని జడ్జి అడిగాడు. దుబాసీ తెలుగులో చెప్పింది.

"నోటీసు సంగతి నాకు తెలీదు బాబూ," అన్నారావిడ, ఫోన్ వైపు కాకుండా జడ్జి వైపే చూస్తూ. "మెట్టు కదిలింది. నేను చూసుకునే అడుగేశాను. చీర అడ్డం పడలా. చెప్పు జారలా. ఇంట్లో నాదే పొరపాటన్నాను. అది నిజం కాదు. ఒట్టేశాను కాబట్టి చెబుతున్నాను."

ఫోన్‌లోంచి ఆ మాటలు ఇంగ్లిషులో వచ్చేంతసేపూ ఈశ్వరయ్య గారు కదల్లేదు. జడ్జి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత చాలా నెమ్మదిగా చెప్పాడు. మీరు చెప్పింది నేను విన్నాను. మీరు తప్పు చెబుతున్నారని నేను అనడం లేదు. కానీ మెట్టు గురించి ఒక్క మాట రాయాలన్నా ముందు నాకు అధికారం ఉండాలి. ఆ తొంభై రోజులతో అది పోయింది. పార్కు ఆఫీసు ముద్ర దాన్ని తిరిగి ఇవ్వలేదు.

అంతే. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక వెనక సీట్లోంచి ఈశ్వరయ్య గారు అన్నారు. "పాపయ్య నా దగ్గరికి వచ్చిండు గాబట్టి సరిపోయింది. గా కోర్టుకు పోతే సచ్చేదాక పింఛను ముట్టకపోవు."

"ఊరుకోండి," అన్నారావిడ. "ఆయన నా మాట పూర్తిగా విన్నాడు. మీ అల్లుడు అంతసేపు ఎప్పుడైనా విన్నాడా?"

మార్చిలో తీర్పు పోస్టులో వచ్చింది. నాలుగు పేజీలు. కావాలంటే ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు పెట్టుకోవచ్చని చివర ఉంది. ఆలస్యానికి కారణం చెప్పాలి, చట్టం తెలియకపోవడం కారణం కాదు. అయినా ప్రయత్నిద్దామన్నాను. ఆ రోజుల్లో ఆయన ఏం చేయమన్నా చేసేవాణ్ని. కానీ ఆయన ఒప్పుకోలేదు.

"తప్పయింది, దయ చూపుండ్రి అని రాయాలె. తప్పు మెట్టుదయా. మేమెందుకు మన్నించమని అడగాలె?"

ఏప్రిల్‌లో వాళ్ళు వెళ్ళిపోయారు. రాగిణి ఇంట్లో ఎవరికీ ఏ కాగితం చదివి వినిపించకుండానే. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తాడు బిగిస్తూ నా భుజం తట్టి, "మంచి ఉద్యోగం దొరుకుతది నీకు. అర్జీ సక్కగనే రాస్తవు," అన్నారు. తొమ్మిది నెలల కిందటి మాటను ఆయన ఆ విధంగా వెనక్కి తీసుకున్నారు. నేను వెనక్కి తీసుకోవడానికి అసలు మాటంటూ ఏదీ లేదు.

మే నెలలో, సరిగ్గా ఏడాదికి, ఒక్కణ్నే ఆ పార్కుకు వెళ్ళాను. ఎందుకని అడిగితే చెప్పలేను. పైనుంచి లెక్కపెట్టుకుంటూ దిగాను. పదకొండో మెట్టు రాయి కాదు. తెల్లగా, కొత్తగా, కాంక్రీటు. కాలితో తొక్కాను. రెండు కాళ్ళతో ఎక్కి నిలబడ్డాను. కదల్లేదు. మూలన, పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో పనివాడు మేకుతో గీసిన అంకెలున్నాయి. నెల, తేదీ, ఏడాది. జులై 14, 2009.

అక్కడే కూర్చుండిపోయాను. ముద్ర పడిన పద్దెనిమిది రోజులకు మెట్టు మారింది. ఆ కౌంటరు దగ్గరి పెద్దావిడ కాగితాన్ని సొరుగులో పడేయలేదు. ఎవరికో పంపింది. వాళ్ళు తొమ్మిది పేరాలూ చదివారు, బొమ్మ చూశారు, మనుషులను పంపారు. కాగితం నడిచింది. కోర్టు వైపు మాత్రం నడవలేదు. నేను గీత గీసిన కాగితం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళిన ఆదివారానికి ఈ కాంక్రీటు ఆరిపోయి ఐదు రోజులు.

ఫొటో తీసి నల్లగొండకు ఫోన్ చేశాను. తేదీ చెబితే, రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నారు.

"అయితే చదివిండ్రన్నమాట," అన్నారు. తర్వాత చిన్నగా నవ్వారు. "రిప్లై ఇయ్యలే గని పని చేసిండ్రు. మా ఆఫీసుల ఉల్టా. రిప్లై ఇస్తం, పని చెయ్యం."

ఈసారి చదివిందేదీ దాచదలుచుకోలేదు. "అంకుల్, ఇంకొకటి చెప్పాలి. ప్రమాదం జరిగాక బాగుచేస్తే, అది తప్పు ఒప్పుకున్నట్టు కాదని చట్టంలో ఉంది. కోర్టులో ఈ ఫొటో రుజువుగా పనికిరాదు."

"అది కోర్టుకు బిడ్డా. ఇది మా ఇంటామెకు." తర్వాత సెక్షన్‌లో కింది గుమస్తాకు పని చెప్పే గొంతుతో అన్నారు, "ఈమెయిలు గీమెయిలు వద్దు. పెద్ద సైజుల కడిగిచ్చి పోస్టుల పంపు. రిజిస్టర్ చెయ్యి. అక్నాలెజ్‌మెంటు పెట్టు. ఆమె పేరు మీద పంపు, నా పేరు మీద గాదు. తేదీ సక్కగ కనపడాలె. ఇంకొక కాపీ రాగిణి ఇంట్ల ఇచ్చిరా. ఊకె ఇచ్చుడు గాదు, అల్లుని ముందట నిలబడి తేదీ చదువు."

రెండూ చేశాను. అవినాష్ ఫొటో చూసి, "ఓ, ఫిక్స్ చేశారా? గుడ్," అన్నాడు. రాగిణి మాత్రం దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళింది. కొంతసేపు బయటికి రాలేదు.

పోస్టాఫీసులో ఫారం నింపుతుంటే, కిందటేడు తీసుకున్నది గుర్తొచ్చింది. విదేశాలకు వేరే కార్డు, గులాబీ రంగుది. ఆ ఆకుపచ్చది ఇప్పటికీ నా పుస్తకంలోనే ఉంది, ఏ పేరూ రాయకుండా.

గులాబీ కార్డు ఏడు వారాలకు నా డబ్బాలోకి వచ్చింది. నల్లగొండ పోస్టాఫీసు ముద్ర, తేదీ. సంతకం చోట అనంతలక్ష్మి అని తెలుగులో ఉంది. అక్షరాలు పెద్దవిగా, ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉన్నాయి. ఎడమచేత్తో పెట్టారో, కుడిచేత్తోనే పట్టుబట్టి పెట్టారో పోల్చుకోలేకపోయాను. తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా అడగాలనుకున్నాను. అడగలేదు.